ఉచితముగా వచ్చిన మానిటర్లు

మన పాఠశాలకు 2012 వ సంవత్సరమున పండ్రెండు కంప్యూటర్లు ఒక్కసారిగా వచ్చినవి. పట్టణములోని ఒక కార్యాలయమువారు తమ పాత యంత్రములను మార్చుకొనుచు, వానిని మూలకు నెట్టుటకు బదులు మనకు దానముగా నొసగిరి. యంత్రములు పాతవే గాని చక్కగా పనిచేయుచుండెను. ఒక్కొక్క దానితో ఒక్కొక్క ట్యూబు మానిటరు గూడ వచ్చినది. ముందు 17 అంగుళముల తెర, వెనుక మూరెడు పొడవు వీపు, ఎత్తబోయిన నడుము పట్టుకొనునంత బరువు. పిల్లలు వానికి డబ్బాలని పేరు పెట్టిరి.

అదే సమయమున తలిదండ్రులును పూర్వవిద్యార్థులును కలిసి కంప్యూటరు గదికొరకు 50,000 రూపాయలు పోగుచేసి యుండిరి. ఆ సొమ్ము ఎట్లు పోగైనదో నేనెరుగుదును. బొగ్గుగనిలో రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చినవారు, బల్లార్పూరు కాగితపు మిల్లులో పనిచేయువారు, బజారులో కూరగాయలమ్ము తల్లులు తలా నూరు, తలా రెండు నూర్లు ఇచ్చిన సొమ్మది. కంప్యూటర్లే ఉచితముగా వచ్చిన పిమ్మట దానిని దేనికి వినియోగింపవలెను? తెలుగు పుస్తకములు కొందమని కొందరనిరి. డబ్బాలను తీసివేసి పలుచని ఫ్లాట్ మానిటర్లు కొందమని కొందరనిరి. ఆనాటి సాయంకాలపు సభలో వాదము గట్టిగనే జరిగినది.

ఒక తండ్రి లేచి, “సార్, పుక్కట్ల వచ్చినయి. మంచిగ నడుస్తున్నయి. వాటిని పక్కకు పెట్టి పైసలు పోసి కొత్తయి కొనుడేంది?” అని యడిగెను. పుణ్యానికి పుట్టెడిచ్చిన పిచ్చకుంచమని పోట్లాడవచ్చునా యని ఆయన భావము. మరియొకరు బజారులో విచారించి వచ్చిరట. ఫ్లాట్ మానిటరు కరెంటు మిక్కిలి తక్కువగా తినునని, రెండేండ్లలో దాని ధర కరెంటు బిల్లులోనే తిరిగి వచ్చునని అంగడివారు చెప్పిరట. ఇద్దరి మాటలును న్యాయముగనే తోచినవి. చివరకు సభ రాజీకి వచ్చినది. ఒక్కొక్కటి 6,000 రూపాయల చొప్పున ఆరు ఫ్లాట్ మానిటర్లు కొనిరి. మిగిలిన 14,000 రూపాయలతో పుస్తకములు తెప్పించిరి. గదిలో ఒక వరుస డబ్బాలు, ఎదుటి వరుస ఫ్లాట్లు అమరినవి. మిగిలిన ఆరు డబ్బాలు అవసరమునకు పనికివచ్చునని కొట్టుగది చేరినవి. నేను తెలుగు ఉపాధ్యాయుడనైనను, సభాకార్యక్రమము వ్రాసినవాడను గనుకనో యేమో, డెడ్ స్టాక్ రిజిష్టరు నా చేతికే వచ్చినది. అందుచేత ఈ రెండు వరుసల లెక్కయు నాయొద్ద నున్నది. తలిదండ్రులకు దానిని అప్పగింపవలసిన బాధ్యతయు నున్నది.

లెక్కకు ముందు కొలత కావలెను. మా గణితోపాధ్యాయులు ఇందుకొక సులభమైన ఉపాయము చెప్పిరి. విద్యార్థులారా, మీ యింటనుగూడ దీనిని చేసి చూడవచ్చును. నేటి విద్యుత్ మీటరుపై ఒక చిన్న ఎర్రని దీపము మినుకుమినుకుమని వెలుగుచుండును. దాని ప్రక్కన ఒక సంఖ్య అచ్చువేసి యుండును. మన పాఠశాల మీటరుపై నున్నది 3200. ఆ దీపము 3,200 మార్లు మినుకుమన్నచో ఒక యూనిటు ఖర్చయినదని యర్థము. ఒక ఆదివారము నాడు పంకాలు, దీపములు అన్నియు ఆర్పివేసి, కంప్యూటరు పెట్టెలను మాత్రము నడుపుచు ఐదు నిమిషములపాటు మినుకులను లెక్కించితిమి. పిమ్మట ఆరు డబ్బాలను వెలిగించి లెక్కించితిమి. 112 మినుకులు పెరిగినవి. డబ్బాలను ఆర్పి ఆరు ఫ్లాట్లను వెలిగింపగా పెరిగినవి 32 మాత్రమే. పదవ తరగతి పిల్లలు నల్లబల్లపై భాగహారము చేసిరి. ఒక్కొక్క డబ్బాకు 70 వాట్లు, ఒక్కొక్క ఫ్లాటుకు 20 వాట్లు తేలినది.

ఇంత భేదమేల? డబ్బాలో వెనుకవైపున సన్నని కొలిమివంటిదొకటి గలదు. అది కాగి ఎలక్ట్రానులను వెదజల్లును. వానిని తెరవైపునకు లాగుటకు 25,000 వోల్టుల వరకు పీడనము కావలెను. ఆ ధారను ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి సెకనుకు అరువది మార్లకు తక్కువ గాకుండ త్రిప్పుటకు రాగి తీగెల చుట్టలు కావలెను. 1897 లో జర్మనీ దేశపు బ్రౌను పండితుడు కనిపెట్టిన గొట్టమునకు ఇది మనుమడు. ఫ్లాట్ మానిటరులో నీ ఆర్భాటమంతయు లేదు. వెనుక దీపము, ముందు ద్రవస్ఫటికముల తలుపులు. ఏ తలుపు తెరచిన అచ్చట వెలుగు, ఏ తలుపు మూసిన అచ్చట చీకటి. మొదట వచ్చిన ఫ్లాట్లలో ఆ దీపము సన్నని గొట్టపు దీపము; దానికి కొంత కరెంటు ఎక్కువే. మేము కొన్నవి ఎల్.ఇ.డి. దీపముగలవి. కావుననే 20 వాట్లతో సరిపోయినది.

ఇందుండి ఒక వింత పుట్టుచున్నది. డబ్బాపై నల్లని బొమ్మ యున్నచో అది కొంత తక్కువ కరెంటు తినును. ఫ్లాటుపై నల్లని బొమ్మ యున్నను తెల్లని బొమ్మ యున్నను ఒకటే, ఏలయనగా తలుపులు మూసినంత మాత్రమున వెనుక దీపమారదు. దీపపు కాంతిని తగ్గించిననే అచ్చట పొదుపు. ఇక తెరపై చేపలు ఈదుచుండిన కరెంటు మిగులునని మన పిల్లలకొక నమ్మకముండెను. ఆ యాడు బొమ్మలు పుట్టినది కరెంటుకొరకు కాదు. ఒకే బొమ్మ గంటలకొలది నిలిచినచో డబ్బా తెరపై దాని మచ్చ శాశ్వతముగా పడునని, దానిని నివారించుటకై వానిని కల్పించిరి. చేపలీదుచున్నంతసేపును మీటరు మినుకుచునే యుండును. మీట నొక్కి యార్పుటొక్కటే మార్గము.

ఇప్పుడు సంవత్సరపు లెక్క. కంప్యూటరు గది దినమునకు ఐదు గంటలు, సంవత్సరమునకు 220 దినములు నడచుననుకొందము. మొత్తము 1,100 గంటలు. డబ్బా ఒక్కింటికి 77 యూనిట్లు, ఫ్లాటు ఒక్కింటికి 22 యూనిట్లు. భేదము 55 యూనిట్లు.

యూనిటుకు రూపాయలెన్ని యనునది అంత తేలిక ప్రశ్న కాదు. మన కరెంటు బిల్లు మరాఠీలో వచ్చును. మన తలిదండ్రులలో పలువురు దాని క్రిందినున్న మొత్తము మాత్రము చూచి చెల్లింతురు. నేనుగూడ వరంగల్లులో ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని ఇచ్చటికి వచ్చిన క్రొత్తలో ఆ కాగితమును త్రిప్పి త్రిప్పి చూచితిని. ‘స్థిర ఆకార్’, ‘వీజ ఆకార్’, ‘వహన ఆకార్’ అని వరుసగా నున్నవి. ఆకారమనగా మనకు రూపము, కరెంటుకు రూపమేమి? మరాఠీలో ఆ మాటకు రుసుము, పైకము అని యర్థము కూడ గలదు. స్థిర ఆకారము ఎంత వాడినను, వాడకున్నను తప్పనిది. వీజ ఆకారము వాడిన యూనిట్లకు. వహన ఆకారము ఆ కరెంటును తీగెలపై మోసుకొని వచ్చినందుకు కూలి. వీనిపై ఇంధనపు సర్దుబాటు, వీజ శుల్కము. మనము పొదుపు చేసినచో మొదటి ఆకారము తగ్గదు, తక్కినవి తగ్గును. ఈ మాట తెలియకయే కొందరు, ఇంత జాగ్రత్త పడినను బిల్లు సగము కాలేదని విసుగుకొందురు. ధర ఏటేట మారుచుండును గావున, లెక్క సులభముగా నుండుటకు యూనిటుకు సరాసరి 8 రూపాయలని పట్టుకొంటిని.

అట్లయిన డబ్బాకు ఏడాదికి 616 రూపాయలు, ఫ్లాటుకు 176 రూపాయలు. భేదము 440. ఫ్లాటు ధర 6,000. దానిని 440 తో భాగించి చూడుడు. కరెంటు పొదుపుచేతనే ధర రాబట్టవలెనన్న పదుమూడేండ్లు దాటును!

గణితోపాధ్యాయులు ఈ సంఖ్యను నల్లబల్లపై వ్రాసినప్పుడు, సభలో ఉచితపు డబ్బాల పక్షమున మాటలాడిన తండ్రి ముఖమున విజయహాసము తాండవించెను. మరి రెండేండ్లలో ధర తిరిగివచ్చునన్న అంగడివారి మాట అబద్ధమా? అదియు అబద్ధము గాదు. రాత్రింబవళ్ళు తెర వెలుగుచుండు చోట్లు గలవు. రైల్వే స్టేషనులు, ఆసుపత్రులు, విద్యుత్కేంద్రపు నియంత్రణ గదులు. అచ్చట సంవత్సరమునకు 8,760 గంటలు. భేదము 438 యూనిట్లు. మన ధరలో 3,500 రూపాయలు. రెండేండ్లు నిండకముందే ఆరు వేలు వచ్చివేయును. అంగడివారు చెప్పినది ఆ గంటల లెక్క. మనము కట్టుకొనవలసినది మన గంటల లెక్క. వాట్లు యంత్రముపై వ్రాసియుండును, గంటలు వ్రాసియుండవు. అవి మనవి. టీవీ కొనబోవునపుడును, ఫ్రిజ్ కొనబోవునపుడును, పొదుపు ఎంతయని చెప్పినవారిని, దినమునకు ఎన్ని గంటలకు అని మరల ప్రశ్నింపుడు.

ఈ లెక్క చేయునపుడే ఎనిమిదవ తరగతి బాలుడొకడు చేయెత్తినాడు. వాని తండ్రి గనిలో పనిచేయును. “సార్, అందరు గిట్ల కరెంటు తక్కువ వాడితె మా నాయిన పని ఏమైతది?” అని యడిగెను. తరగతి నవ్వినది గాని నాకు నవ్వు రాలేదు. ఈ పట్టణమున సగము పొయ్యిలు బొగ్గు పేరు చెప్పుకొని వెలుగుచున్నవి. దుర్గాపురము వైపు కనబడు పొగగొట్టములను చూడని బిడ్డ లేడు. ఆ విద్యుత్కేంద్రము మొదటి యంత్రము 1983 లో నడచినది. 2012 నాటికి అన్ని యంత్రముల శక్తియు కలిపి 2,340 మెగావాట్లు. ఆ తరువాత పాత యంత్రములు రెండు తొలగి, క్రొత్తవి రెండు చేరి 2,920 మెగావాట్లయినది. వానితో నేనిట్లంటిని: “నాయనా, పూర్తిగా నడచినచో ఆ కేంద్రము ఒక్క సెకనులో 650 యూనిట్లు పుట్టించును. మన ఆరు ఫ్లాట్లు సంవత్సరమంతయు మిగిల్చునది 330 యూనిట్లు. అనగా మన యేడాది పొదుపు దానికి అర సెకను. దీనికి మీ నాయన పని పోదు.” వాడు సంతృప్తితో కూర్చుండెను. కాని వాని ప్రశ్నలోని ‘అందరు’ అను మాటకు నా యుత్తరము చాలదని నాకు తెలియును. దేశమందలి కోట్లకొలది తెరలన్నియు మారిన నాడు అది అర సెకనుతో పోవునది కాదు. గనుల పని రానురాను ఏమగునో వాని తండ్రియు ఆలోచించుచునే యుండును. అందుకే గదా ఆయన కుమారుని బడికి పంపినాడు.

మీటరులో కనబడని ఖర్చులు పిమ్మట బయలుపడినవి. మొదటిది బ్యాటరీ. ఇంత కరెంటు పుట్టించు ఊరిలోనే గాలివానకో, మరమ్మతుకో కరెంటు పోవుట మనకు క్రొత్త గాదు. దీపము క్రింద చీకటి. అందుచేత ప్రతి కంప్యూటరుకును ఒక యూపీఎస్ పెట్టెయుండెను. డబ్బా గలచోట ఆ పెట్టెపై 150 వాట్ల భారము. ఫ్లాటు గలచోట 100 వాట్లు. కరెంటు పోయినచో డబ్బా వరుస పది నిమిషములకే కూ కూ యని మొరపెట్టెడిది. ఎదుటి వరుసలో పిల్లలు తమ పనిని భద్రపరచుకొని, తీరికగా ఆర్పెడివారు. అడుగంట వాడిన బ్యాటరీ త్వరగా చచ్చును. డబ్బాల వరుసకు రెండేండ్ల కొకమారు, ఫ్లాట్ల వరుసకు మూడేండ్ల కొకమారు బ్యాటరీలు మార్చవలసి వచ్చినది.

రెండవది వేడి. యంత్రము తిన్న కరెంటంతయు తుదకు గదిలో వేడియే యగును. కూర్చున్న మనుష్యుని దేహమునుండి దాదాపు 100 వాట్ల వేడి వెలువడునందురు. ఆరు డబ్బాలు, ఆరు ఫ్లాట్లకంటె 300 వాట్లు అధికముగా వెలువరించును. అనగా కిక్కిరిసిన గదిలో మరి ముగ్గురిని తెచ్చి కూర్చుండబెట్టినట్లు. చలికాలమున ఎవరికిని పట్టదు. ఏప్రిలు మాసమున, పగటి వేడి 45 డిగ్రీలకు చేరు మన చంద్రపురములో, డబ్బాల వరుసకు కూలరు గాలి చాలెడిది కాదు. పిల్లలు వంతులవారీగా వరుసలు మారవలెనని నియమము పెట్టకపోయినచో ఎదుటి వరుసకొరకు తోపులాటలే.

మూడవది మన ఊరి ప్రత్యేకత. అధిక వోల్టేజి గల తెర దువ్వెన కాగితపు ముక్కలను లాగినట్లు ధూళిని లాగును. ఇచ్చటి ధూళిలో బొగ్గు పొడి కలిసియుండును. ఉదయమున తుడిచిన తెర సాయంకాలమునకు మసిబారును. పైది తుడువవచ్చును, లోపల చేరినదానిని ఎవరు తుడుతురు? వర్షాకాలపు తేమ తగులగానే లోపల చిటపట ధ్వనులు. మొదటి డబ్బా అట్లే మూడవ వర్షాకాలమున మూగబోయినది. మరమ్మతుచేయువాడు విప్పి చూపినప్పుడు లోపల వంటింటి పొగగూటివలె నుండెను.

ఫ్లాట్ల పక్షమున ఇన్ని చెప్పితిని గనుక వాని దోషమునుగూడ చెప్పవలెను. 2015 లో ఒక బాలుని చేతి జామెట్రీ పెట్టె జారి ఫ్లాట్ తెరపై బడినది. తెర సాలెగూడువలె చీలినది. పాపము వాడు మూడు దినములు బడికి రాలేదు. తెర మార్చుటకు క్రొత్త మానిటరు ధరయే యగునని తేలగా, 5,800 రూపాయలతో మరియొకటి కొనిరి. అదే పెట్టె డబ్బాపై బడియున్న పెట్టెకే సొట్ట పడియుండెడిది. డబ్బా గాజు అంత మందము.

ఇన్నియు నట్లుండ, నేను తెలుగు చెప్పువాడను. నాకు ముఖ్యమైన భేదము కరెంటులో కనబడలేదు. ‘థ’ అక్షరములో కనబడినది.

‘ధ’ కును ‘థ’ కును భేదము నడుమనున్న ఒక చుక్క మాత్రమే. ఇంగ్లీషు అక్షరములు విడివిడిగా, పెద్ద పొట్టలతో నుండును. తెర కొంత మసకగా నున్నను చదువవచ్చును. మన అక్షరమునకు పైన తలకట్టు, క్రింద వత్తు, నడుమ చుక్క. పాతబడిన డబ్బాలో ఎలక్ట్రానుల ధార మొన మొద్దుబారి, ఆ చుక్క చుట్టునున్న గీతలో కలిసిపోయెడిది. పిల్లలు తెరపై ‘కథ’ను చూచి కాగితముపై ‘కధ’ యని వ్రాసికొనెడివారు. ‘లక్ష్మి’లోని మూడు హల్లుల ముడి ఒక నల్లని మరకగా కనబడెడిది. ‘ఘ’, ‘ఝ’ల సంగతి చెప్పనక్కరలేదు. ఫ్లాట్ తెరలో ఒక్కొక్క బిందువునకు ఒక్కొక్క స్థానము నియతమై యుండును. అది ప్రక్కదానిలోనికి ఒలికిపోదు. చుక్క చుక్కగానే యుండును. పైగా సెకనుకు అరువది మార్లు తిరుగు డబ్బాతెర వెలుగులో సన్నని వణకు గలదు. గంటసేపు చదివిన పిల్లలు కన్నులు నులుముకొనెడివారు.

తెలుగు దేశములోని పాఠశాలలో ఇది చిన్న సంగతి కావచ్చును. అచ్చట వీధిలో అంగడి పలకలు తెలుగు, బస్సుపై ఊరిపేరు తెలుగు, ఇంటికి వచ్చు పత్రిక తెలుగు. కంటికి ‘థ’ దినమునకు నూరు మార్లు తగులును. ఇచ్చట మన బిడ్డకు తెలుగక్షరము కనబడు తావులు మూడు నాలుగు మాత్రమే: పాఠ్యపుస్తకము, నా నల్లబల్ల, అరుదుగా ఇంటనున్న పంచాంగము, ఈ తెర. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలోనిది గనుక, ఆ వైపు వృద్ధులలో తెలుగు ధారాళముగా మాటలాడువారు నేటికిని గలరు. కాని మాట చెవికి చేరును, అక్షరము కంటికి చేరవలెను గదా. 2003 లో మొదలైన తెలుగు వికీపీడియాను, ఉచితముగా దొరకు పాత తెలుగు పుస్తకములను పిల్లలు చదువగలిగినది ఆ గదిలోనే. ఉన్న నాలుగు తావులలో ఒకటి మసకబారిన నేను సహింపలేకపోతిని. అందుచేత తెలుగు చదువు గంటలలో పిల్లలను ఇద్దరిద్దరిగా ఫ్లాట్ల ముందు కూర్చుండబెట్టి, డబ్బాలను లెక్కల పనికి, బొమ్మలు గీయుటకు విడిచితిని.

డబ్బాల వరుస 2019 వరకు నడచినది. ఒకటి చెడగా కొట్టుగదినుండి మరియొకటి, అది చెడగా వేరొకటి. పండ్రెండును అట్లు తీరినవి. చివరి యేండ్లలో విడిభాగములు దొరకలేదు. ప్రపంచమంతట ట్యూబులు చేయు కర్మాగారములు మూతబడినవి. ఏడేండ్ల రిజిష్టరు మొత్తమిది. డబ్బాల వరుసకు కరెంటు 25,872 రూపాయలు, బ్యాటరీలు 13,500, మరమ్మతులు 3,850, వెరసి 43,222. ఫ్లాట్ల వరుసకు ధర 36,000, పగిలినదానికి బదులు కొన్నది 5,800, కరెంటు 7,392, బ్యాటరీలు 9,000, ఒకదానిలో ఉబ్బిన కెపాసిటర్లు మార్చుటకు 600, వెరసి 58,792.

తలిదండ్రులు దీనిని జాగ్రత్తగా చదువవలెనని నా మనవి. ఏడేండ్ల చివర ఉచితపు వరుసయే 15,570 రూపాయలు చౌక. అయితే ఆ చివర డబ్బాల వరుసలో మిగిలినవి మూగపెట్టెలు. ఫ్లాట్ల వరుసలో మిగిలినవి ఆరు మంచి తెరలు. 2019 లో డబ్బాల స్థానమున ఆరు క్రొత్త ఫ్లాట్లు కొనుటకు 31,200 రూపాయలు పట్టినది. దానిని కలిపిన రెండవ వరుసయే ముందునకు వచ్చును. మా గణితోపాధ్యాయులు ఇంకొక మెట్టు పైకెక్కి, ఆ 36,000 రూపాయలు ఏడేండ్లు బ్యాంకులో నుండియున్న వడ్డీ ఎంతయగునో గూడ కట్టి, మరల డబ్బాలను గెలిపించిరి. ఆయనతో వాదించి గెలిచినవారు మన పాఠశాలలో లేరు, నేనును ప్రయత్నింపలేదు. రూపాయల లెక్కలో మన యట్టి బడికి రెండును దాదాపు సరిసమానములే. కరెంటు మిగులునని ఆ సొమ్ము పెట్టితిమని ఎవరైన చెప్పిన అది నిజము కాదు. పిల్లల కన్నులకొరకు, అక్షరముల స్పష్టతకొరకు పెట్టితిమి. ఆ మాట సభలోనే నేను పుస్తకమున వ్రాసియుంచితిని. నేటికిని దానికి కట్టుబడియున్నాను.

ఒక ఖర్చు మాత్రము ఏ పక్షమువారును తలచి యుండలేదు. పండ్రెండు మూగపెట్టెలను ఏమి చేయవలెను? భంగారువాడు వచ్చి ఒక్కొక్కదానికి ఎనుబది రూపాయలిత్తుననెను. వానికి కావలసినది వెనుకనున్న రాగి చుట్ట. దానిని తీసికొని గాజును సుత్తితో పగులగొట్టి వాగులో పడవేయుదురు. ఆ గాజులో సీసము గలదు. కిరణములు బయటికి రాకుండ అడ్డుకొనుటకై దానిని కలుపుదురు. ఒక్కొక్క ట్యూబులో కిలో వరకు, పెద్దవానిలో అంతకు మించియు నుండును. అది నేలలోనికి, నీటిలోనికి దిగిన పసిపిల్లల మెదడునకు కీడు. ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు మన దేశమున 2012 మే 1 నుండి అమలులోనికి వచ్చినవి. క్రొత్త నియమములు 2023 ఏప్రిలు 1 నుండి నడచుచున్నవి. వాని ప్రకారము ఇట్టివానిని అనుమతి గలవారికే అప్పగింపవలెను. మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు పట్టుబట్టి, భంగారువానిని పంపివేసి, వానిని నాగపురమునకు పంపు నేర్పాటు చేసిరి. టెంపో కిరాయి 2,200 రూపాయలు. ఉచితముగా వచ్చినవానిని సాగనంపుటకు పెట్టిన ఆ పైకమునుగూడ రిజిష్టరులో డబ్బాల పద్దుననే వ్రాసితిని.

పండ్రెండింటిలో పదునొకండే వెళ్ళినవి. చివరిదానికి గొంతు కొంత మిగిలియున్నదని గమనించి, దానిని విజ్ఞానశాస్త్రపు గదిలో నుంచుకొనిరి. తొమ్మిదవ తరగతికి అయస్కాంత పాఠము వచ్చినప్పుడు దానిని వెలిగింతురు. తెరకు దగ్గరగా అయస్కాంతము పట్టుకొనిన ఎలక్ట్రానుల ధార ప్రక్కకు వంగి, తెల్లని తెరపై ఆకుపచ్చ, ఊదా రంగులు నెమలిపింఛమువలె విచ్చుకొనును. ఫ్లాట్ తెరకు ఇది చేతకాదు. ఏడాదికి అరగంట పని. మా గణితోపాధ్యాయుల లెక్కలో ముప్పది పైసల కరెంటు.